పరిశోధనశాలల కరెంటు లెక్క: స్విచ్చు ఒకరి చేతిలో, బిల్లు ఇంకొకరి పద్దులో

సంక్షిప్తంగా: పరిశోధన సంస్థలు మోపే పర్యావరణ భారంలో ప్రయోగాల వాటా కన్నా, ప్రయోగాలకు అన్నీ ఎప్పుడూ సిద్ధంగా ఉంచడానికి అయ్యే ఖర్చే చాలాచోట్ల ఎక్కువ. ఏది ముందు తగ్గించాలన్నది ఆ సంస్థకు వచ్చే కరెంటు ఎలా పుట్టిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది. బొగ్గు కరెంటు మీద నడిచే భారతీయ ల్యాబుల్లో అతిశీతల ఫ్రీజర్లు, ఏసీలు, గాలిని బయటికి తోడే ఫ్యూమ్ హుడ్‌లు ముందు వరుసలో ఉన్నాయి. వీటిని నడిపేవారికి బిల్లు కనిపించదు, బిల్లు కట్టేవారికి వీటి అవసరం తెలియదు.

ఒక వింత లెక్క

స్విట్జర్లాండ్–ఫ్రాన్స్ సరిహద్దు కింద 27 కిలోమీటర్ల సొరంగంలో కణాలను ఢీకొట్టించే సెర్న్ సంస్థ 2018లో దాదాపు 125 కోట్ల యూనిట్ల కరెంటు వాడింది. ఆ సంస్థ పర్యావరణానికి కలిగించే నష్టం ఏమిటని అడిగితే ఎవరైనా ముందు చూపించేది ఈ అంకెనే. 2020 సెప్టెంబరులో సెర్న్ తన మొదటి పర్యావరణ నివేదికను విడుదల చేసినప్పుడు తేలిన లెక్క వేరు. 2018లో కరెంటు వాడకం వల్ల వచ్చిన ఉద్గారాలు, అంటే భూతాపం పెంచే వాయువులు, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో సుమారు 31,700 టన్నులు. సంస్థ ఆవరణ నుంచి నేరుగా గాలిలో కలిసినవి 1,92,100 టన్నులు, అంటే కరెంటు వాటాకు ఆరు రెట్లు. ఈ రెండో అంకెలో నాలుగింట మూడు వంతులకు పైగా ఫ్లోరిన్ కలిసిన వాయువులదే.

ఈ వాయువులు అక్కడ ఏం చేస్తున్నాయి? కణాల జాడ పట్టే కొన్ని పరికరాల్లో పలుచని అరల నిండా వాయువుల మిశ్రమం ఉంటుంది. విద్యుదావేశం ఉన్న కణం దాని గుండా వెళ్లినప్పుడు పుట్టే సంకేతాన్ని పరికరం నమోదు చేస్తుంది. ఆ మిశ్రమంలో ఎక్కువ భాగం ఆర్134ఏ. కార్ల ఏసీల్లో వాడే శీతలీకరణ వాయువు ఇదే. సంకేతం అదుపు తప్పి మెరుపులా పాకకుండా ఉండటానికి అతి కొద్దిగా సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ కలుపుతారు. భూతాపాన్ని పెంచడంలో కిలో ఆర్134ఏ 1,300 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అయితే 20 వేల రెట్లు దాటిపోతుంది. మిశ్రమాన్ని శుద్ధిచేసి మళ్లీ మళ్లీ తిప్పే ఏర్పాటు ఉన్నా, ఏళ్ల తరబడి వాడకంలో సన్నటి ప్లాస్టిక్ గొట్టాల అతుకుల దగ్గర పగుళ్లు వచ్చాయి. పరికరాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉండటంతో లోపలి అతుకుల దాకా చేయి కూడా దూరదు.

మరమ్మతులు, బయటికి పోయే వాయువును పట్టి తిరిగి వాడే యంత్రాలు, మిశ్రమం మార్పు — సెర్న్ ఈ మూడు దారులూ పట్టింది. 2018తో పోలిస్తే 2024 చివరికి నేరు ఉద్గారాలను 28 శాతం తగ్గించడం లక్ష్యంగా పెట్టుకుంది. కొత్త పరికరాలను చల్లబరచడానికి ఫ్లోరిన్ ద్రవాల బదులు కార్బన్ డయాక్సైడ్‌నే వాడుతున్నారు. భూతాపం పేరెత్తితే అందరూ వేలెత్తి చూపే వాయువు ఇక్కడ మందుగా మారింది. కిలోకు కిలో చూస్తే అది తప్పించిన వాయువులతో పోల్చితే దాని కీడు లెక్కలోకే రాదు.

యంత్రం అదే, ఊరు వేరైతే

సెర్న్ కరెంటు ఉద్గారాలు అంత తక్కువగా ఉండటానికి ఆ యంత్రం పొదుపరితనం కారణం కాదు. దానికి కరెంటు వచ్చేది ప్రధానంగా ఫ్రాన్స్ అణు విద్యుత్ కేంద్రాల నుంచి. పై అంకెలను భాగిస్తే యూనిట్‌కు సుమారు 25 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. భారత విద్యుత్ గ్రిడ్ సగటు యూనిట్‌కు 700 గ్రాములకు కాస్త అటూఇటూగా ఉంది. అదే యంత్రాన్ని మన గ్రిడ్‌కు తగిలిస్తే 31,700 టన్నులు కాస్తా 8.75 లక్షల టన్నులవుతుంది. అప్పుడు వాయువుల లీకులు రెండో స్థానానికి పడిపోతాయి, మొదటి చర్చ కరెంటు మీదే జరుగుతుంది.

యూరప్, అమెరికా విశ్వవిద్యాలయాలు తయారుచేసిన హరిత ల్యాబ్ సూచనల పట్టికలను ఇక్కడ యథాతథంగా అమలు చేయబోతే ఈ తేడా దగ్గరే తికమక మొదలవుతుంది. ఫ్రాన్స్ ల్యాబుల్లో కరెంటు వాటా చిన్నది కాబట్టి అక్కడివారి దృష్టి కొనుగోళ్లు, ప్రయాణాల మీదికి మళ్లింది. హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఉన్న ల్యాబు అదే వరుస పాటిస్తే చిన్న పద్దును దిద్దుతూ పెద్ద పద్దును వదిలేసినట్టవుతుంది.

లెక్కల భాషలో ఉద్గారాలు మూడు తరగతులు. సంస్థ ఆవరణలోనే వెలువడేవి, అంటే జనరేటర్ డీజిల్, బాయిలర్, వాయువుల లీకులు మొదటివి. కొన్న కరెంటు వల్ల ఎక్కడో విద్యుత్ కేంద్రంలో వెలువడేవి రెండోవి. కొన్న వస్తువుల తయారీ, ఉద్యోగుల ప్రయాణాలు, పారేసిన చెత్త మూడోవి. ఈ మూడింటి నిష్పత్తి తెలియకుండా ప్రకటించే లక్ష్యం కాగితం మీద బాగుంటుంది, అంతే.

మైనస్ 80 కథ

జీవశాస్త్ర ల్యాబుల్లో నడవా పొడవునా బీరువాల్లా నిలబడి గుయ్‌మని మోగుతూ ఉండే ఫ్రీజర్లను అందరూ ‘మైనస్ ఎయిటీ’ అనే పిలుస్తారు. ఈ మాట కోవిడ్ రోజుల్లో పత్రికల్లోకీ వచ్చింది. ఫైజర్ టీకాను మొదట్లో మైనస్ 60 కన్నా తక్కువ ఉష్ణోగ్రతలో దాచాల్సి వస్తే, హైదరాబాద్ శివార్లలోని జినోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌కు 2 నుంచి 8 డిగ్రీలు సరిపోయింది. చలి ఎంత అవసరమన్నది లోపల దాచిన పదార్థాన్ని బట్టి మారుతుందని అప్పుడు సామాన్య పాఠకులకూ అర్థమైంది. ల్యాబుల అలవాట్లలోకి మాత్రం ఆ సంగతి అంతగా ఇంకలేదు.

పాతకాలపు మైనస్ 80 ఫ్రీజరు ఒకటి రోజుకు 20 యూనిట్ల దాకా లాగుతుంది. ఏడాదికి 7,300 యూనిట్లు. మన గ్రిడ్ లెక్కన 5 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్. నెలకు 100 యూనిట్లు కాల్చే ఇళ్లతో పోలిస్తే ఒక్క ఫ్రీజరు ఆరు ఇళ్ల పెట్టు. ఇదే ఫ్రీజరు సెర్న్ వాడే కరెంటు మీద నడిస్తే ఏడాదికి 180 కిలోలే. ఇక్కడితో అయిపోలేదు. ఫ్రీజరు మింగిన ప్రతి యూనిట్ చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. ఆ వేడిని బయటికి తోడటానికి ఏసీ ఇంకొంత కరెంటు తాగుతుంది. చలి దేశాల్లో శీతాకాలంలో ఆ వేడి గదికి పనికొస్తుంది. మే నెల హైదరాబాద్‌లో అది రెండో బిల్లు.

ఉష్ణోగ్రతను మైనస్ 80 నుంచి మైనస్ 70కి మారిస్తే కరెంటు సుమారు 30 శాతం తగ్గుతుందని పలు విశ్వవిద్యాలయాల అనుభవం చెబుతోంది. పది డిగ్రీలకే అంత తేడా ఎలా వస్తుందన్న అనుమానం సహజం. గది 27 డిగ్రీలుంటే లోపలికీ బయటికీ అంతరం 107 నుంచి 97 డిగ్రీలకు తగ్గుతుంది. దానితో గోడల గుండా లోపలికి చొరబడే వేడి తగ్గుతుంది. చొరబడిన వేడిని బయటికి ఎత్తిపోయడానికి పడే శ్రమ కూడా తగ్గుతుంది. లోతు తక్కువ బావి నుంచి తక్కువ బిందెలు తోడినట్టు రెండు లాభాలూ ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి. ఉష్ణగతిక శాస్త్ర సూత్రాల ప్రకారమే ఇది 20 శాతం దాటుతుంది. ఈ ఫ్రీజర్లలో ఒకదాన్ని ఒకటి చల్లబరిచే రెండు కంప్రెసర్లు ఉంటాయి. అంచుల దాకా నెట్టకపోతే వాటి అరుగుదల కూడా తగ్గుతుంది.

నమూనాలు పాడవుతాయన్నది ప్రధాన అభ్యంతరం. మైనస్ 80 అన్న అంకె ఏ జీవరసాయన సూత్రం నుంచీ పుట్టలేదు. యంత్రాలు అందుకోగలిగిన అడుగు అది, కాలక్రమంలో అదే ప్రమాణమై కూర్చుంది. శుద్ధిచేసిన డీఎన్‌ఏ మైనస్ 20లో ఏళ్లపాటు నిలుస్తుంది. విత్తనాల సంగతి ఇంకా స్పష్టం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యుబ్యాంకు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా దాచింది. దీర్ఘకాల నిల్వకు అక్కడ వాడేది మైనస్ 20. ప్రపంచ పంటల భద్రత కోసం నార్వేలో కట్టిన స్వాల్‌బార్డ్ విత్తన గిడ్డంగిలో మైనస్ 18. తేమ తీసి గట్టిగా మూసిన విత్తనానికి అంతకు మించిన చలి అక్కర్లేదు. మరోవైపు ఆర్‌ఎన్‌ఏ, కొన్ని ఎంజైములు, రోగుల కణజాలం విషయంలో జాగ్రత్త అవసరమే. ఏది ఎక్కడ ఉండాలో తేల్చాల్సింది ఆ నమూనా గురించి తెలిసిన పరిశోధకులు. యంత్రం మీద కంపెనీ పెట్టి పంపిన అంకెకు ఆ అధికారం లేదు.

మన దేశంలో వినిపించే రెండో అభ్యంతరం మరింత బలమైంది: కరెంటు పోతే? మైనస్ 80 నుంచి మొదలైన ఫ్రీజరు ప్రమాద స్థాయికి రావడానికి మైనస్ 70 దానికన్నా కొంత ఎక్కువ సమయం తీసుకుంటుందన్నది నిజమే. ఆ సమయాన్ని ఇతర మార్గాల్లోనూ సంపాదించవచ్చు. నిండుగా ఉన్న ఫ్రీజరు ఖాళీ ఫ్రీజరుకన్నా నెమ్మదిగా వేడెక్కుతుంది. తలుపు లోపల మంచు పేరుకోకపోతే రబ్బరు అంచు గాలి చొరనీయదు. యూపీఎస్ బ్యాటరీతో మోగే అలారం, జనరేటర్, పొడి మంచు ఏర్పాటు ఉన్నచోట పది డిగ్రీల ముందస్తు చలికి విలువ తగ్గుతుంది. ఇవేవీ లేని చిన్న కళాశాల ల్యాబుకు ఈ మార్పు సరిపడకపోవచ్చు.

వీటన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది చేతులు నొప్పెట్టే పని: ఫ్రీజరు ఖాళీ చేయడం. ఎప్పుడో పట్టా పుచ్చుకుని వెళ్లిపోయిన పీహెచ్‌డీ విద్యార్థి రాతతో, సిరా చెరిగిపోయి ఏముందో ఎవరికీ తెలియని ట్యూబులు అడుగు అరల్లో ఉంటాయి. పారేసే ధైర్యం ఎవరికీ ఉండదు. దాచే ఖర్చు ఎవరికీ తగలదు. అర నిండిపోగానే కొత్త ఫ్రీజరుకు ఇండెంట్ వెళుతుంది. ఏ డబ్బా ఏ అరలో ఉందో రాసిపెట్టిన జాబితా ఉంటే తలుపు తెరిచి వెతికే నిమిషాలు తగ్గుతాయి, రెండు ఫ్రీజర్లు ఒకటవుతాయి. మూసేసిన ఫ్రీజరు ఆదా చేసేది 30 శాతం కాదు, నూటికి నూరు.

చల్లబరిచి పారబోసే గాలి

రసాయన ల్యాబులో ఫ్రీజరు స్థానం ఫ్యూమ్ హుడ్‌ది. విషపు ఆవిర్లు మనిషి ముఖానికి తగలకుండా గదిలోని గాలిని లోపలికి లాగి పైకప్పు మీదుగా బయటికి వదిలే గాజు తలుపు అర ఇది. తలుపు దగ్గర గాలి వేగం సెకనుకు అర మీటరు ఉండేలా చూడటం పరిపాటి. మీటరున్నర వెడల్పు హుడ్ తలుపు అర మీటరు ఎత్తు తెరిచి ఉంటే గంటకు 1,350 ఘనపు మీటర్ల గాలి బయటికి పోతుంది. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తున్న గదిలోని గాలి మొత్తం గంటకు 22 సార్లు ఖాళీ అయినట్టు. పోయిన గాలి స్థానంలో బయటి నుంచి 40 డిగ్రీల గాలి వస్తుంది. దాన్ని ఏసీ చల్లబరచాలి, తేమ తీయాలి, మరుక్షణం అది హుడ్ దారిన వెళ్లిపోతుంది.

అమెరికా లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఒక హుడ్ ఏటా మింగే శక్తి అక్కడి మూడు ఇళ్ల వాడకాన్ని మించుతుందని చాలా ఏళ్ల క్రితమే అంచనా వేశారు. పని లేనప్పుడు తలుపు దించడమే దీనికి విరుగుడు. హార్వర్డ్ రసాయన శాస్త్ర విభాగంలో తలుపు దించే విషయంలో ల్యాబుల మధ్య పోటీలే పెట్టారు.

ఒక మెలిక ఉంది. తలుపు ఎంత తెరిచి ఉందో గ్రహించి ఫ్యాను వేగాన్ని మార్చుకునే హుడ్‌లలోనే తలుపు దించితే కరెంటు ఆదా అవుతుంది. మన దేశంలో పాత భవనాల్లో ఎక్కువగా ఉన్నవి ఒకే వేగంతో తిరిగేవి. వాటిలో తలుపు దించితే గాలి పక్క సందుల నుంచి అదే పరిమాణంలో పోతుంది. భద్రత పెరుగుతుంది తప్ప బిల్లు మారదు. ‘తలుపు మూయండి’ అని స్టిక్కర్లు అంటించి బిల్లు ఎందుకు తగ్గలేదని ఆశ్చర్యపోయే సంస్థలు చూడాల్సింది పైకప్పు మీది మోటారును. దాని వేగాన్ని మార్చే డ్రైవ్ అమర్చాకే స్టిక్కరుకు అర్థం వస్తుంది.

లీటరుకు పదమూడు లీటర్లు

నీటి విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. డిగ్రీ కళాశాలల నుంచి పెద్ద సంస్థల దాకా గాజు డిస్టిలేషన్ యూనిట్లు ఇంకా నడుస్తున్నాయి. లీటరు నీటిని ఆవిరి చేసి మళ్లీ నీరుగా మార్చాలంటే ఆ ఆవిరిలోని వేడిని కుళాయి నీళ్లు మోసుకుపోవాలి. ఆ నీళ్లను 40 డిగ్రీల మేర వేడెక్కనిచ్చినా లీటరుకు 13 లీటర్లకు పైగా కావాలి. ఆచరణలో కుళాయి ఇంకా ధారాళంగానే తిప్పుతారు కాబట్టి ఇది కనీస లెక్క. వేడినీళ్లు నేరుగా కాలువలోకి పోతాయి. దానికితోడు లీటరుకు ముప్పావు యూనిట్ కరెంటు. ఆ నీటిని తొట్టిలో పట్టి మళ్లీ తిప్పడం, లేదా అవసరమైన శుద్ధత మేరకు ఆర్‌ఓకు మారడం కొత్త సాంకేతికత ఏమీ కాదు. ఆర్‌ఓ కూడా కొంత నీటిని వదిలేస్తుంది. అది తోటకో మరుగుదొడ్లకో మళ్లితేనే లెక్క సరిపోతుంది.

పసుపు సంచి, ఎర్ర సంచి

ల్యాబుల ప్లాస్టిక్ గురించి తరచూ కనిపించే అంకె ఒకటుంది: ప్రపంచ జీవశాస్త్ర ల్యాబులు 2014లో 55 లక్షల టన్నుల ప్లాస్టిక్ పారేశాయని. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో తమ విభాగంలోని చెత్తను తూచి, ప్రపంచంలోని సంస్థల సంఖ్యతో హెచ్చించి వేసిన అంచనా అది. ఒక సంపన్న దేశపు విభాగాన్ని కొలబద్దగా తీసుకున్నారు కాబట్టి కచ్చితమైన కొలతగా చెప్పడం తగదు. సమస్య ఎంత పెద్దదో చూపే సూచికగా పనికొస్తుంది.

మన దేశంలో ప్లాస్టిక్ భారాన్ని నిర్ణయించేది అది ఏ సంచిలో పడిందన్నదే. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు ఆసుపత్రులతోపాటు పరిశోధన, విద్యా సంస్థలకూ వర్తిస్తాయి. పసుపు సంచిలో వేసింది కొలిమికి వెళుతుంది. ఎర్ర సంచిలోని ప్లాస్టిక్‌ను ఆవిరితో శుద్ధిచేసి, ముక్కలు చేసి, తిరిగి వాడకానికి పంపుతారు. సూదులు, గాజుకు వేరే డబ్బాలు. ఎందుకైనా మంచిదని అన్నీ పసుపు సంచిలో పడేసే ల్యాబులో రక్తం, సూక్ష్మజీవుల వాసనే సోకని పైపెట్ (ద్రవాలను కొలిచి తీసే గొట్టం) టిప్పుల డబ్బాలు కూడా కాలిపోతాయి. అక్కడ అతి జాగ్రత్త కూడా ఒక రకం కాలుష్యమే. ఏ బల్ల దగ్గర ఏ సంచి అందుబాటులో ఉందన్నదాన్ని బట్టే మనుషుల చేయి వెళుతుంది. శిక్షణ తరగతి కన్నా డబ్బా పెట్టిన చోటు ఎక్కువ పనిచేస్తుంది.

గాజుకు తిరిగి వెళ్లడం గురించి కూడా తొందరపడి తీర్పు చెప్పలేం. కడగడానికి వేడినీళ్లు, శుద్ధికి ఆటోక్లేవ్, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరి యంత్రం కావాలి. ఆటోక్లేవ్ నిండుగా నడిస్తే గాజుదే పైచేయి. నాలుగు సీసాల కోసం నడిపితే బొగ్గు కరెంటు దగ్గర ఆ లాభం హరించుకుపోతుంది. డబ్బాలు పారేయకుండా టిప్పులు మాత్రమే నింపుకోవడం, అవసరానికి మించిన పరిమాణంలో ట్యూబులు వాడకపోవడం వంటి చిన్న మార్పులకు ఈ సందిగ్ధం లేదు.

ఖగోళ శాస్త్రజ్ఞుల విమానాలు

పైపెట్ పట్టని పరిశోధకుల లెక్క చూస్తే ప్రయాణాలు, కంప్యూటర్లు ముందుకొస్తాయి. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ ఖగోళ శాస్త్ర సంస్థ తన 2018 ఉద్గారాలను లెక్కవేసుకుంటే ఒక్కో పరిశోధకుడికి సుమారు 18 టన్నులు తేలాయి. అందులో దాదాపు సగం విమాన ప్రయాణాలవే. ఆస్ట్రేలియా ఖగోళ శాస్త్రజ్ఞుల లెక్కలో తలసరి 37 టన్నులు వచ్చాయి. అక్కడ పెద్ద వాటా సూపర్ కంప్యూటర్లది. కారణం మళ్లీ గ్రిడ్డే. ఆస్ట్రేలియా కరెంటులో బొగ్గు పాలు ఎక్కువ. కంప్యూటర్ల కోసం భారతీయ సంస్థలు చూడాల్సిన అద్దం హైడెల్‌బర్గ్ కన్నా ఆస్ట్రేలియాకే దగ్గరగా ఉంది.

సదస్సుల మీద ఒక సహజ ప్రయోగం అనుకోకుండా జరిగింది. యూరప్ ఖగోళ సంఘం 2019 సమావేశం ఫ్రాన్స్‌లోని లియాన్‌లో జరిగింది. హాజరైనవారి ప్రయాణాల వల్ల సుమారు 1,855 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడింది. కోవిడ్ కారణంగా 2020 సమావేశం ఆన్‌లైన్‌లో జరిగింది. పాల్గొన్నవారు పెరిగారు, ఉద్గారాలు ఒక టన్ను కూడా లేవు. మూడు వేల రెట్ల తేడా. తెరమీద సదస్సులో కాఫీ దగ్గర పుట్టే పరిచయాలు ఉండవన్న ఫిర్యాదు న్యాయమైనదే. ఆ నష్టం అందరికీ ఒకేలా ఉండదు. వీసా దొరకక, టికెట్టుకు గ్రాంటు చాలక ఎప్పుడూ వెళ్లలేని హైదరాబాద్, తిరుపతి విద్యార్థులకు ఆన్‌లైన్ గది కొత్తగా తెరుచుకున్న తలుపు. ఇప్పటికే ఉద్యోగం, పేరు ఉన్న పెద్దలు ఏడాదికి ఆరు ప్రయాణాల్లో రెండు మానితే వచ్చే తగ్గింపు ఒక విద్యార్థి జీవితంలోని మొదటి ప్రయాణాన్ని ఆపితే వచ్చేదానికన్నా ఎక్కువ.

ఎవరికీ తగలని ఖర్చు

ఇన్ని దారులున్నా, చాలావాటికి పెట్టుబడి అక్కర్లేకపోయినా, మార్పు ఎందుకు నెమ్మదిగా వస్తోంది? దీనికి జవాబు ఖాతాల అమరికలో ఉంది. ల్యాబు నడిపే శాస్త్రవేత్తకు గ్రాంటు వస్తుంది. అందులో పరికరాలకు, రసాయనాలకు, జీతాలకు పద్దులుంటాయి. కరెంటు బిల్లు సంస్థ మొత్తానికి ఒక్కటే వస్తుంది, ఇంజినీరింగ్ విభాగం చూసుకుంటుంది. పాత ఫ్రీజరు తీసేసిన శాస్త్రవేత్త పద్దులో రూపాయి మిగలదు. నమూనా పాడైతే పోయేది మాత్రం ఆయన అయిదేళ్ల కష్టం. ఈ తూకంలో చలిని ఒక డిగ్రీ కూడా తగ్గించకపోవడమే తెలివైన నిర్ణయంగా కనిపిస్తుంది. దీన్ని నిర్లక్ష్యం అనడం తేలికే గానీ, అది సరైన రోగనిర్ధారణ కాదు.

కొనుగోలు నియమాలు ఈ చిక్కును మరింత బిగిస్తాయి. ప్రభుత్వ సంస్థల్లో సాంకేతిక అర్హత దాటినవారిలో తక్కువ ధర పలికిన కంపెనీకే ఆర్డరు దక్కడం ఆనవాయితీ. రోజుకు 20 యూనిట్లు లాగే ఫ్రీజరు, 10 యూనిట్లతో సరిపెట్టే కొత్త రకం ఫ్రీజరు పోటీకి వచ్చాయనుకుందాం. పదేళ్లలో తేడా 36,500 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 2.92 లక్షలు. రెండో ఫ్రీజరు ధర లక్ష ఎక్కువైనా సంస్థకు అదే చవక. ధరల పట్టికలో ఈ లెక్కకు గడి లేకపోతే మొదటిదే గెలుస్తుంది. టెండరు రాసేటప్పుడే రోజువారీ వాడకానికి గరిష్ఠ పరిమితిని సాంకేతిక అర్హతగా పెడితే నియమాలు మీరకుండానే ఈ చిక్కు విడుతుంది. అమెరికా ఎనర్జీ స్టార్ గుర్తింపు ఇప్పుడు ల్యాబ్ ఫ్రీజర్లకూ ఉంది కాబట్టి పోల్చదగిన అంకెలు దొరుకుతాయి. ఇక ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు గ్రాంటు ఖర్చుచేసి వినియోగ పత్రం సమర్పించాలన్న మార్చి నెల ఒత్తిడిలో పక్క ల్యాబులో ఖాళీగా ఉన్న యంత్రాన్ని పంచుకుందామన్న ఆలోచనకు చోటెక్కడ?

సౌర ఫలకాలు, మొక్కలు

సంస్థలు ముందుగా ప్రకటించేవి ఈ రెండే. రెండూ అవసరమే, రెండింటికీ లెక్క ఉంది. మన ఎండకు ఒక కిలోవాట్ సౌర ఫలకాలు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తాయి, వాటికి సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. అంటే పాత మైనస్ 80 ఫ్రీజరు ఒక్కదానికి 5 కిలోవాట్లు, 500 చదరపు అడుగుల మేడ. అలాంటి ఫ్రీజర్లు యాభై ఉన్న సంస్థకు పాతిక వేల చదరపు అడుగులు వాటికే సరి. పెద్ద చెట్టు ఒకటి ఏటా 20–25 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుందని సాధారణంగా చెప్పే లెక్క తీసుకుంటే, ఆ ఒక్క ఫ్రీజరుకు 200 చెట్లు పైగా కావాలి, అవి కూడా ఎదిగిన చెట్లు. వాడకం తగ్గించకుండా పైన ఫలకాలు పరచడం చిల్లికుండలో నీళ్లు పోసినట్టే. ముందు ఉష్ణోగ్రత సవరించి, ఖాళీ చేయగలిగినవి ఖాళీ చేసి, మిగిలిన అవసరానికి ఫలకాలు కొంటే అదే మేడ ఎక్కువ భారం మోస్తుంది.

పరిశోధన సంస్థలు బయటి ప్రపంచానికి ఇచ్చే పరిష్కారాలు ఈ లెక్కలో వేరే ఖాతా. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ రూపొందించిన గాలిరహిత రియాక్టరుతో బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల వరకు వ్యర్థాల నుంచి బయోగ్యాస్, సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారు. అదే 500 యూనిట్లతో పాతిక పాత ఫ్రీజర్లు నడుస్తాయి. ఇలాంటి ప్లాంటు సమాజానికి చేసే మేలు పెద్దది. దాన్ని చూపి ఏ సంస్థ అయినా తన కరెంటు పద్దును కొట్టివేసుకుంటే లెక్క తప్పుతుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత సంస్థల క్యాంటీన్ చెత్తకూ వర్తిస్తుంది. పక్క భవనంలో పుట్టిన సాంకేతికత సొంత ఆవరణలోకి రావడానికి తరచూ ఎక్కువ ఫైళ్లు కదలాలి.

ఒత్తిడి ఎటునుంచి వస్తోంది

ఇంతకాలం హరిత ల్యాబు అన్నది ఆసక్తి ఉన్న కొందరి పని. అమెరికాలో మై గ్రీన్ ల్యాబ్, లండన్ యూనివర్సిటీ కాలేజీలో పుట్టిన లీఫ్ వంటి ధ్రువీకరణలు స్వచ్ఛందంగానే పెరిగాయి. 2024 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని పరిశోధన సంస్థలు, నిధులిచ్చే సంస్థలు కలిసి పర్యావరణ బాధ్యతపై ఉమ్మడి ఒడంబడిక చేసుకున్నాయి. నిధులతో ధ్రువీకరణను ముడిపెట్టే ధోరణి అక్కడ బలపడుతోంది. విదేశీ గ్రాంట్లతో, భాగస్వామ్యాలతో నడిచే భారతీయ ల్యాబులకు ఈ ప్రశ్న దరఖాస్తు ఫారంలో ఎదురవుతుంది.

జినోమ్ వ్యాలీలోని కాంట్రాక్టు పరిశోధన సంస్థల మీద ఒత్తిడి ఇంకో వైపు నుంచి వస్తోంది. పెద్ద ఔషధ కంపెనీలు తమ సరఫరాదారుల ఉద్గారాలను కూడా లక్ష్యాల్లో చేర్చుకున్నాయి. వాటి మూడో తరగతి లెక్కలో హైదరాబాద్ ల్యాబుల కరెంటు ఉంటుంది. యూనిట్‌కు 700 గ్రాముల కరెంటు మీద నడిచే ల్యాబు యూరప్ ల్యాబుతో పోటీలో ఈ ఒక్క గడిలో ముందే వెనకబడి ఉంటుంది. ప్రైవేటు సంస్థలు ప్రభుత్వ సంస్థలకన్నా ముందు మేలుకునే అవకాశం ఎక్కువన్నది అందుకే. అక్కడ బిల్లు కట్టేవాడూ ఆర్డరు తెచ్చేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

ప్రభుత్వ సంస్థల్లో ఆ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టగలిగేది అంతస్తుకో మీటరు. బిల్లు వసూలు చేయనక్కర్లేదు, ప్రతి విభాగానికీ తన వాడకం తెలియజేసినా చాలు. అది అమర్చేలోపు చేయదగిన పరీక్ష ఒకటుంది. హెచ్‌టీ (అధిక వోల్టేజీ) కనెక్షన్ ఉన్న ప్రతి ఆవరణలోనూ వాడకాన్ని పగలు రేయి విడివిడిగా, నిమిషాల వ్యవధితో నమోదు చేసే మీటరు ఇప్పటికే ఉంది. అందులోంచి ఒక ఆదివారం తెల్లవారుజామున 3 గంటల అంకెను, సోమవారం మధ్యాహ్నం 3 గంటల అంకెను తీసి పక్కపక్కన పెట్టాలి. మొదటి వేళ ల్యాబులో మనుషులు లేరు, ప్రయోగాలు దాదాపు లేవు. ఉన్నవల్లా ఫ్రీజర్లు, ఫ్యాన్లు, ఏసీలు, సర్వర్లు. రెండో అంకెలో మొదటిది ఎన్నో వంతో చూస్తే ఆ సంస్థ దేనికి ఎంత ఖర్చు చేస్తోందో ఆ ఒక్క భాగహారంలో తెలిసిపోతుంది.